వాడిన బట్టలు, ముప్ఫై ఎనిమిది కిలోలు

"ఒక డబ్బ కార్గోల ఏసిన. నంబరు చెప్త, రాసుకో" అన్నాడు మా ఆయన.

శుక్రవారం పొద్దున. కువైట్‌లో ఆయనకు సెలవు రోజు. నేను కోరుట్ల బస్టాండులో జగిత్యాల బస్సు కోసం నిలబడి ఉన్నాను. సంచిలో పెన్ను దొరికింది కాని కాగితం దొరకలేదు. టిఫిను చుట్టిన పాత పేపరు అంచున ఆ నంబరు రాసుకున్నాను.

"ఏం పంపినవ్?"

"ఏం లేదు. సామాన్లు."

"బిడ్డకు రంగుల డబ్బ పంపుతనన్నవ్. మర్చిపోయినవా?"

వెనక ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపించింది. "ఓడల పోతదట, నెలన్నర పడ్తదట. ఎప్పుడు అస్తదో నాకంటె నీకే మంచిగ ఎరుక" అని నవ్వాడు. ఆ నవ్వులో నాకేం తేడా తోచలేదు. బస్సు వచ్చింది, ఎక్కేశాను.

ఆయన అన్నది నిజమే. డబ్బాలు ఎప్పుడు వస్తాయో చెప్పడమే నా ఉద్యోగం. జగిత్యాలలో మా కార్గో ఆఫీసు పెద్దదేం కాదు. ముందు ఒక గది, వెనక డబ్బాలు పేర్చుకునే రేకుల షెడ్డు. గల్ఫ్ దేశాల నుంచి మనవాళ్లు ఇళ్లకు పంపే అట్టపెట్టెలు ఓడలో ముంబైకి వచ్చి, అక్కడ కస్టమ్స్ దాటి, లారీలో హైదరాబాదుకు, అక్కణ్ణుంచి మా షెడ్డుకు చేరతాయి. లోడుతో పాటు మానిఫెస్టు అనే జాబితా వస్తుంది. ఎవరి డబ్బా, ఎన్ని కిలోలు, లోపల ఏముంది అన్నీ అందులో ఉంటాయి. దాన్ని కంప్యూటర్లో ఎక్కించి, అందుకోవాల్సిన వాళ్లకు ఫోన్ చేసి, ఏ ఊరి డబ్బాలు ఏ రోజు వ్యానులో పోవాలో రాసి ఇవ్వాలి.

నాలుగేళ్ల కింద చేరినప్పుడు నాకు ఈ పని మాటలు ఒక్కటీ తెలియవు. నేను పుట్టి పెరిగింది సిరిసిల్లలో. మా బాపు మరమగ్గాల షెడ్డులో పనిచేస్తాడు, అవ్వ, అంటే మా అమ్మ, కండెలు చుట్టేది. మా వాడకట్టులో సరుకు కదలడమంటే నూలు బీములు ట్రాలీ మీద రావడం, గుడ్డ తానులుగా మడతపడి వెళ్లిపోవడం. అంతకు మించి మాటలతో మాకు పని పడలేదు. ఇక్కడేమో కన్సైనర్, కన్సైనీ, ట్రాన్సిట్, క్లియరెన్సు. మొదటి వారంలోనే పంపే కన్సైనరెవరో అందుకునే కన్సైనీ ఎవరో తారుమారు చేసి ఎంట్రీ కొట్టాను. మా సార్ కోప్పడలేదు. ఆయన జగిత్యాల మనిషే, యాభై దాటిన వయసు, తనే పదేళ్లు మస్కట్‌లో స్టోర్ కీపరుగా చేసి వచ్చాడు. "చూడమ్మా, కన్సైనీ అన్నదాని చివర 'నీ' ఉన్నది గదా? నీకు అచ్చేది అన్నట్టు. గట్ల యాదుంచుకో" అన్నాడు. తర్వాత ఎన్నడూ తప్పలేదు.

ఆ రోజు ఆఫీసుకు వెళ్లగానే పేపరు అంచు చింపి మా ఆయన చెప్పిన నంబరు కొట్టి చూశాను. 'బుక్డ్' అని చూపించింది. కన్సైనీ దగ్గర నా పేరు ఉంది. నాలుగేళ్లలో వేల పేర్లు ఎక్కించాను గాని అక్కడ నా పేరు చూడటం అదే మొదటిసారి. ఆయన అంతకు ముందు పంపిన రెండు డబ్బాలూ నేను ఉద్యోగంలో చేరకముందే వచ్చాయి. సబ్బులు, పాలపొడి డబ్బాలు, పెద్ద పూల దుప్పటి, ఖర్జూరం, సెంటు సీసాలు. అత్తమ్మ వాడకట్టంతా పంచింది.

పది రోజుల తర్వాత ఇంకోసారి మాట్లాడాడు. బిడ్డ లెక్కల పరీక్ష ఎట్లా రాసిందని అడిగాడు. వాళ్లమ్మ మోకాలి నొప్పి గురించి అడిగాడు. పెట్టేసే ముందు అందరికీ జాగ్రత్తలు చెప్పి "పైలంగుండున్రి" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ రాలేదు.

మొదటి శుక్రవారం రాకపోతే డ్యూటీ పడిందనుకున్నాను. రెండో శుక్రవారం నేనే చేశాను. అరబ్బీలో ఒక ఆడమనిషి ఏదో చెప్పింది, తర్వాత అదే ఇంగ్లీషులో చెప్పింది. స్విచ్చాఫ్. రోజుకు నాలుగైదు సార్లు చేసేదాన్ని. బస్సులో, ఆఫీసు వెనక షెడ్డులో, ఇంటికి వచ్చేటప్పుడు సందు మలుపులో. ఇంట్లో చేయడం మానేశాను, ఎందుకంటే ఒక సాయంత్రం మా బిడ్డ బియ్యం ఏరుతున్న వాళ్ల నానమ్మ పక్కన కూర్చుని ఆ అరబ్బీ మాటలు అచ్చం ఆ ఆడమనిషి గొంతుతో పాడినట్టు అప్పజెప్పింది. నాలుగో తరగతి పిల్ల. నేను ఫోన్ చెవికి పెట్టుకున్నప్పుడు పక్కనుంచి విని నేర్చుకుంది.

అత్తమ్మ చేతిలో చాట ఆగిపోయింది. "గదేం పాట?" అంది.

"బడిల నేర్పిన్రట" అన్నాను.

ఆయన గదిలోనే ముస్తాబాద్ మనిషి ఒకాయన ఉండేవాడు. మా ఆయన కంటే పెద్ద, నన్ను చెల్లె అని పిలిచేవాడు. ఆయన నంబరుకు చేస్తే రెండు రోజులు మోగింది, ఎత్తలేదు. మూడో రోజు అదీ స్విచ్చాఫ్ అయింది. మా ఆయన పనిచేసే టైల్స్ కంపెనీ నంబరు నా దగ్గర లేదు. అడగాలని ఆరేళ్లలో ఎప్పుడూ తోచలేదు.

అత్తమ్మ బీడీలు చుడుతూ రోజూ ఒకే ప్రశ్న వేసేది. "పోరడు ఫోన్ చేసిండా?"

"ఆయన ఫోన్ కింద పడి పలిగిందట. పక్కోల్ల దాంట్ల మెసేజ్ పెట్టిండు. మంచిగనే ఉన్నడు."

"గంత మెసేజ్ పెట్టేటోడు రొండు మాటలు మాట్లాడరాదా?"

"ఆఫీసుల ఉన్నప్పుడు చేసిండు అత్తమ్మా. నువ్వు లెవ్వు."

అబద్ధం ఆడటం నాకు అలవాటు లేదు. ఆడిన ప్రతిదీ గుర్తుపెట్టుకోవాలి కదా, లేకపోతే మరునాడు మాట కలవదు.

ఇక నాకు దిక్కు ఆ డబ్బా ఒక్కటే అయింది. మనిషి ఎక్కడున్నాడో తెలియదు గాని ఆయన చేత్తో కట్టిన డబ్బా ఎక్కడుందో మాత్రం నాకు తెలుసు. పొద్దున కంప్యూటర్ తెరవగానే ఆ నంబరే ముందు కొట్టేదాన్ని. 'ఇన్ ట్రాన్సిట్' అని ఉండేది. ఫోన్ చేసి అడిగేవాళ్లకు నేను నాలుగేళ్లుగా ఆ మాటకు అర్థం చెప్తున్నాను. దారిల ఉన్నదమ్మా, భయం లేదు, అస్తది. ఎంత తేలిగ్గా చెప్పేదాన్నో! ఇప్పుడు ఆ రెండు ముక్కలు తెర మీద చూసి, పేజీ మూసి మళ్లీ తెరిచేదాన్ని. దారిలో ఉందంటే నడిసముద్రంలో ఉన్నట్టే. అక్కణ్ణుంచి ఎవరు చూసి చెప్పారు?

ముప్ఫై రోజుల తర్వాత అది ముంబై రేవుకు చేరింది. ఆ రోజు నాకు కాస్త అన్నం సహించింది. మరునాడు పొద్దున చూస్తే 'హోల్డ్' అని ఎర్ర అక్షరాలు. కస్టమ్స్ వాళ్లు విప్పి చూడటానికి పక్కన పెట్టారు.

సార్‌కు చూపించాను. అప్పటిదాకా ఆయనకు కూడా ఏమీ చెప్పలేదు.

"గిది మామూలేనమ్మా. లోడుకు పది డబ్బలు పక్కకు పెడ్తరు. నీ ఆధార్ కాపీ ఒకటి మెయిల్ చెయ్యి, ఇడుస్తరు" అన్నాడు. నేను కదలలేదు. "ఏమైంది? గా డబ్బల ఏమున్నదని గింత పరేషాన్ అయితున్నవ్?"

"ఏమున్నదో నాకు ఎరుకలేదు సార్. మా ఆయన మాట్లాడక ఇరవై రోజులైంది."

ఆయన కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. మస్కట్‌లో చేసిన మనిషి కాబట్టి ఆ మాటకు అర్థం ఆయనకు నాకంటే బాగా తెలుసు. కాని తెలిసిందేదీ నాతో అనలేదు. "ముందుగాల డబ్బ రానియ్యి" అన్నాడు. అంతకుముందు ఏ డబ్బా గురించీ ఆయన అంత మెల్లగా మాట్లాడటం నేను వినలేదు. దాంతో నా భయం రెండింతలైంది.

ఆ ఆదివారం సిరిసిల్లకు వెళ్లాను. అత్తమ్మతో బాపుకు జ్వరమని చెప్పాను, అదీ అబద్ధమే. వేములవాడ మీదుగా బస్సు వెళ్తుంటే కిటికీ పక్కన కూర్చుని, బాపుకు ఎట్లా చెప్పాలా అని మాటలు కూడబెట్టుకున్నాను. తీరా వెళ్తే ఆయన ఇంట్లో లేడు, ఆదివారమైనా మగ్గాలు నడుస్తున్నాయట. షెడ్డుకే వెళ్లాను.

మగ్గాల షెడ్డులో మాట వినపడదు. పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. చిన్నప్పటి నుంచి మేము పెదాలు చూసి మాట అందుకోవడం నేర్చుకున్నాం. బాపు రెండు మగ్గాల మధ్య నిలబడి తెగిన పోగు అతుకుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు, నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. అన్ని రోజులు ఎవరితో అనని మాట అక్కడ, ఆ హోరులో, గొంతెత్తి అనేశాను. "బాపూ, ఆయన బతికున్నడో లేడో నాకు తెలుస్తలేదు."

పక్క మగ్గం మీది ఆమె తల తిప్పలేదు. ఎవరికీ వినపడలేదు. బాపు ఒక్కడే చూశాడు. పోగు అతకడం పూర్తిచేసి, చేయి ప్యాంటుకు తుడుచుకుని నా తల మీద పెట్టాడు. ఆయన పెదాలు కదిలాయి. "మీ అత్తకు చెప్పినవా?"

లేదని తల ఊపాను.

"చెప్పు. గామె కొడుకు. నువ్వొక్కదానివే మోస్తె కూలబడ్తవ్."

చెప్తానని వచ్చాను, కాని చెప్పలేదు. కోరుట్లలో బస్సు దిగేసరికి నా ధైర్యం అంతా దారిలోనే అయిపోయింది.

బుధవారం ఎర్ర అక్షరాలు పోయి 'రిలీజ్డ్' అని వచ్చింది. తర్వాతి సోమవారం హైదరాబాద్ లారీ మా షెడ్డుకు వచ్చింది. హమాలీలు దింపుతుండగా నేను మానిఫెస్టు ఎక్కిస్తున్నాను. పదిహేడో వరుసలో నా పేరు. బరువు ముప్ఫై ఎనిమిది కిలోలు. లోపలి సామాను అన్న గడిలో ఎప్పుడూ ఉండే బిస్కెట్లు, సబ్బులు, దుప్పట్లు, ఆటబొమ్మలు లేవు. యూజ్డ్ క్లోత్స్, హ్యాండ్ టూల్స్ అని మాత్రం ఉంది. వాడిన బట్టలు, చేతి పనిముట్లు.

అదే వరుస మూడుసార్లు చదివాను. ఎవరైనా వాడిన బట్టలు ఇంటికి ఎందుకు పంపుతారు?

సార్ డబ్బా దగ్గరికి వెళ్లి దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "వ్యాన్ల ఏసుకొని ఇప్పుడే ఇంటికి పో. ఇయ్యాల్టికి నీ పని నేను చూసుకుంట" అన్నాడు.

కోరుట్ల దాకా వ్యానులో డ్రైవర్ పక్కన కూర్చున్నాను. వెనక అది ఎటు ఒరిగినా తెలుస్తూనే ఉంది. ఇంటి ముందు దింపగానే పిల్ల బడి నుంచి అప్పుడే వచ్చి ఉంది, గంతులేసింది. అత్తమ్మ బీడీల చాట పక్కన పెట్టి, చేతులకు అంటిన తంబాకు దులుపుకుని కత్తెర తెచ్చింది. నేనే టేపు కోశాను.

పైన ఆయన నీలం గళ్ల చొక్కా. పోయినసారి సెలవులో వచ్చినప్పుడు జగిత్యాలలో నేను కొన్నది. దాని కింద ఇంకో చొక్కా, ఇంకోటి, ప్యాంట్లు, లుంగీలు, తువ్వాళ్లు. అన్నీ ఉతికి, ఇస్త్రీ లేకపోయినా నలగకుండా మడత పెట్టినవి. ఆయన చలికాలం వేసుకునే కోటు. ఆయన తినే స్టీలు పళ్లెం, గ్లాసు. అడుగున గోనెసంచిలో చుట్టిన పనిముట్లు. తాపీ, టైల్స్ కోసే కట్టరు, మట్టం చూసే గొట్టం, మోకాళ్లకు కట్టుకునే రబ్బరు పట్టీలు. టైల్స్ మేస్త్రీ పనిముట్లు లేకుండా ఒక్క పూట కూడా ఉండలేడు.

"రంగుల డబ్బ ఏది?" అని పిల్ల అట్టపెట్టె అడుగు దాకా చేయి పెట్టి వెతికింది. సబ్బు బిళ్ల కూడా లేదు.

అత్తమ్మ పళ్లెం చేతిలోకి తీసుకుని చూస్తూ కూర్చుంది. తర్వాత నెమ్మదిగా అంది. "గివన్ని వాని సామాన్లే గదా పిల్లా. వాడు దేంట్ల తింటున్నడు మరి? ఏం తొడుక్కుంటున్నడు?"

నా దగ్గర దానికి అబద్ధం లేదు. పిల్లను పక్కింటికి పంపించి, అత్తమ్మ ముందు కూర్చుని అంతా చెప్పేశాను. ముప్ఫై ఐదు రోజులుగా మాట లేదని, ఫోన్ పగలలేదని, ముస్తాబాద్ ఆయన కూడా దొరకడం లేదని. చనిపోయినవాళ్ల సామాన్లు గదిలో తోటివాళ్లు ఇట్లాగే మూటగట్టి పంపుతారని నేను ఆఫీసులో విని ఉన్నాను. అదొక్కటి మాత్రం చెప్పలేదు. కాని ఆమెకూ అదే తోచిందని ఆమె చేతులు చూస్తే తెలిసింది. పళ్లాన్ని కొంగుతో మళ్లీ మళ్లీ తుడుస్తోంది.

అప్పుడు నాకు ఒకటి గుర్తొచ్చింది. డబ్బా బుక్ అయిన తర్వాత పది రోజులకు ఆయన నాతో మాట్లాడాడు. అంటే దీన్ని కట్టింది ఆయనే. వేరే ఎవరో మూటగట్టి పంపింది కాదు. ఆ మాటే అత్తమ్మకు చెప్పాను. ఆమె ముఖానికి కొంచెం జీవం వచ్చింది. నాకు మాత్రం లోపల వేరే భయం మొదలైంది. ఒక మనిషి తనకున్న వస్తువులన్నీ తనే సర్ది పంపేస్తే, దానికి ఇంకో అర్థం కూడా ఉంటుంది కదా.

చొక్కాల జేబులన్నీ వెతికాను. ఏమీ లేదు. ఖాళీ అట్టపెట్టెను బోర్లించి చూశాను. ఒక పక్కన మా ఆఫీసు అతికించిన స్లిప్పు, దాని కింద హైదరాబాద్ వాళ్లది, దాని కింద ముంబై వాళ్లది. ఎక్కడెక్కడ చేతులు మారిందో అక్కడి వాళ్లు ఒకదాని మీద ఒకటి అతికించుకుంటూ వస్తారు. పొయ్యి మీద నీళ్లు కాచి, తడిగుడ్డతో నానబెట్టి పైవి ఊడదీశాను. అడుగున మొట్టమొదటిది, కువైట్‌లో అతికించింది బయటపడింది. సగం చిరిగింది. కన్సైనర్ నంబరు దగ్గర ఆయన పాత నంబరే ఉంది. కాని దాని కింద 'పికప్' అని ఇంకో నంబరు ఉంది. డబ్బాను గది దగ్గరికి వచ్చి తీసుకెళ్లిన దుకాణం నంబరు. మా ఆఫీసు వ్యానుకు ఉన్నట్టే అక్కడా ఒకటి ఉంటుంది.

మరునాడు ఆఫీసు నుంచి ఆ నంబరుకు చేశాను. సార్ స్పీకర్ పెట్టమని పక్కన నిలబడ్డాడు. ఎత్తిన మనిషి మలయాళీ. నేను నాకొచ్చిన హిందీలో డబ్బా నంబరు చెప్పి, ఏ బిల్డింగు నుంచి తీసుకున్నారో చెప్పమని అడిగాను. సామాను ఏమైనా తక్కువ వచ్చిందా అని ఆయన ముందు అడిగాడు. సామాను కాదు, మనిషి కనపడటం లేదని చెప్పాను. ఆ మధ్యాహ్నం ఆ వైపే పికప్ ఉందని, గదికి వెళ్లి అడిగి చూస్తానని అన్నాడు. ముక్కూ ముఖం తెలియని మనిషి. నేను ఏమివ్వగలను ఆయనకు? 'షుక్రియా భాయ్' అన్నదొక్కటే నా నోటికి వచ్చింది.

ఆ రోజు, మరునాడు, ఆ మరునాడు ఫోన్ చేతిలోంచి దించలేదు. గుంటూరు నుంచి మిర్చి బస్తాలు వచ్చాయని ఎవరో రాంగ్ నంబరు చేస్తే అతని మీద అరిచాను. తర్వాత నేనే మళ్లీ చేసి క్షమించమన్నాను.

మూడో రోజు పదకొండు గంటలకు కొత్త నంబరు నుంచి వచ్చింది.

"చెల్లె, నేను. ముస్తాబాద్." గొంతు గుర్తుపట్టాను. ఆయనే గబగబా అన్నాడు. "బతికే ఉన్నడు. ముందుగాల గది చెప్తున్న, ఇను. బతికే ఉన్నడు."

నేను ఫోన్ రెండు చేతులా పట్టుకున్నాను. సార్ వచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకోబోయాడు, ఇవ్వలేదు.

"కంపెనీ మూతవడి ఏడాదాయె. ఆకామ రెన్యూల్ చెయ్యలే." ఆకామా అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే కాగితం, మా వైపు ఇంటింటికీ తెలిసిన మాటే. "బయట దొరికిన కాడ దొరికినట్టు పనిచేసుకుంటున్నడు. గిట్ల ఎన్నొద్దులు దాసుకుంట బతుకాలె, ఎంబసీల ఔట్ పాస్ కాయితం రాయించుకొని ఇంటికి పోత అన్నడు. గట్ల పోయేటోల్లకు ఒక్క చేతిబ్యాగే అంటరు గదా, అందుకే సామాన్లు ముందుగాల పంపిండు. ఎంబసీకి బైలెల్లిన రోజే బస్సుల చెకింగుల దొరికిండు. ఫోను గుంజుకున్నరు. లోపలేసిన్రు."

"నాకెందుకు చెప్పలే అన్నా?" అన్నాను. అరిచాను అనుకుంటా.

"చెప్పద్దని ఒట్టు పెట్టిండు. ఇంటికచ్చి చెప్త అన్నడు. ఇగ నాక్కూడ కాయితాల్లెవ్వు చెల్లె. వాడు దొరికినంక నాకు భయమైంది. రూము మారిన, సిమ్ము పారేసిన. మొన్న కార్గో ఆయన పాత రూముకు పోయి వాని కోసం అడిగిండట, ఆడున్నోల్లు నాకు చెప్పిన్రు. నేను తప్పు చేసిన. మాఫ్ చెయ్యి."

ఆయన మీద కోపం రావాలి, కాని రాలేదు. దాక్కుని బతికే మనిషి ఎంత భయపడతాడో నాకిప్పుడు కొంచెం తెలుసు. కనీసం ఆయన ఫోన్ చేశాడు.

ఆఫీసులోంచే అత్తమ్మకు చెప్పాను. పక్కింటి వాళ్ల ఫోన్‌కు చేసి పిలిపించాను. "జైల్ల ఉన్నడు అత్తమ్మా" అంటే ఆమె "అమ్మయ్య" అంది. కొడుకు జైల్లో ఉన్నాడంటే ఏ తల్లి అమ్మయ్య అంటుంది? ఆ రోజు మా ఇద్దరికీ అంతకంటే మంచి కబురు లేదు.

తర్వాత నెల రోజులు వేరే రకం భయం. ఎంబసీకి కాగితాలు, పాస్‌పోర్టు కాపీ, మా పెళ్లి ఫోటో, కోరుట్ల ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగడం. సార్ తనకు తెలిసిన వాళ్లందరికీ ఫోన్లు చేశాడు. ఔట్ పాస్ అయిందంటారు, ఇంకా సంతకం కాలేదంటారు. ఫ్లైట్ ఈ వారమంటారు, వచ్చే వారమంటారు. డబ్బాకైతే ఎక్కడుందో చూసుకోవడానికి నంబరు ఉండేది. మనిషికి అదీ లేదు. ఎవరో చెప్పిన మాట మీద రోజులు వెళ్లదీయడమే.

ఒక గురువారం రాత్రి హైదరాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి ఎవరిదో ఫోన్ అడుక్కుని చేశాడు. "అచ్చిన" అన్నాడు. ఏ బస్సుకు వస్తాడో చెప్పి పెట్టేశాడు. మరునాడు పొద్దున పదింటికి కోరుట్ల బస్టాండులో దిగాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒక తువ్వాలు, కాగితాలు. ఒంటి మీద చొక్కా ఎవరిదో, భుజాల దగ్గర వదులుగా ఉంది. గడ్డం నెరిసింది. పిల్ల నా వెనక దాక్కుని చూసింది. అత్తమ్మ ఆయన చేయి పట్టుకుని ముంజేతి దాకా తడిమి తడిమి చూసింది, ఎముకలు లెక్కపెడుతున్నట్టు.

ఇంట్లో ఆయన సామాన్లు అట్టపెట్టెలోంచి తీసి నేను అలమరలో సర్ది పెట్టాను. నీలం గళ్ల చొక్కా వేసుకుని, తన పళ్లెంలోనే అన్నం తిన్నాడు. అత్తమ్మ పిల్లను తీసుకుని బయటికి వెళ్లాక అడిగాను.

"ఎందుకు చెప్పలే?"

చాలాసేపు చేయి కడుక్కోకుండా కూర్చున్నాడు. "ఆరేండ్లు పోయి ఒట్టి చేతుల్తోని అస్తున్ననని ఫోన్ల ఎట్ల చెప్పాలె? ఎదురుంగ నిలవడితె చెప్పొచ్చనుకున్న. వారం రోజుల పనే గదా అనుకున్న."

"గా వారం రోజులు నాకు ఎట్ల పోయినయో ఎరుకేనా?"

"లోపల గదే యాదికి అచ్చేది. డబ్బ చేరితె నువ్వు ఏమనుకుంటవో అని. చేరద్దని మొక్కుకున్న."

నేను ఏడ్చాను. రెండు నెలలకు పైగా ఏడవనిదంతా అప్పుడు ఏడ్చాను. కోపంతోనే ఎక్కువ. ఆయన నన్ను ఊరుకోబెట్టే ప్రయత్నం చేయలేదు, అది మంచిదే అయింది.

రెండు నెలలు ఇంట్లోంచి కదలలేదు. ఎవరైనా పలకరిస్తే లోపలికి వెళ్లిపోయేవాడు. తర్వాత మా బాపే సిరిసిల్లలో ఒక కొత్త ఇంటికి టైల్స్ పని చూసి పిలిపించాడు. గోనెసంచిలో పనిముట్లు తీసుకుని వెళ్లాడు. ఇప్పుడు కోరుట్లలో, జగిత్యాలలో పని దొరుకుతోంది. పొద్దున వెళ్లి సాయంత్రం వస్తాడు. ఒక్కోరోజు బస్సు ఆలస్యమై గంట దాటితే నేను పాత భయంతో వాకిట్లోకి వచ్చి నిలబడతాను. ఫోన్ చేస్తాను. "బస్సుల ఉన్ననే, అస్తున్న" అంటాడు, విసుక్కోకుండా.

ఆఫీసులో నా పని అదే, మానిఫెస్టు అదే. కాని ఇప్పుడు లోపలి సామాను గడిని ముందు చదువుతాను. మొన్న ఒక లోడులో రాయికల్ డబ్బా ఒకటి వచ్చింది. వాడిన బట్టలు, వంట గిన్నెలు, అంతే. అందుకోవాల్సిన ఆమెకు ఫోన్ చేశాను. మీ డబ్బా వచ్చిందమ్మా, రేపు వ్యాను వస్తుందని చెప్పాల్సినవన్నీ చెప్పి, కొంచెం ఆగి అడిగాను.

"మీ ఆయన ఫోన్ల మాట్లాడుతున్నడా అక్కా?"

"ఇరవై రోజులాయె. మీకెట్ల తెలుసు?"

"రేపు వ్యాన్‌తోని నేను గూడ అస్త" అన్నాను. "డబ్బ మీద మొదటి స్లిప్పు ఉంటది. దాన్ని మాత్రం చింపకున్రి. నేను అచ్చినంక ఇద్దరం కలిసి చూద్దాం."